బండి గుంజుతలేదంటే ముందు ఇంజిన్ చప్పుడు వినండి

(ఫోరం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడినట్టే ఉంచి, అక్కడక్కడ సరిచేసి రాసి ఇచ్చాను.)

 

ఈ వేదిక మీద ప్రతి ఏడాది వీసాల గురించి, జీతాల గురించి, ఇన్సూరెన్సు గురించి తెలిసినవాళ్లు మాట్లాడతారు. ఈసారి కమిటీ వాళ్లు నన్ను పిలిచి, "నీ పని గురించే చెప్పు, మిషన్ల మీద ఉండే పిల్లలకు పనికొస్తది" అన్నారు. నేను నిజామాబాద్ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేశాను. బహ్రెయిన్‌కు అసిస్టెంట్ మెకానిక్‌గా వచ్చి సల్మాబాద్‌లో ఒక వర్క్‌షాప్‌లో కొన్నేళ్లు చేతులు నల్లగా చేసుకున్నాను. ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్‌ని. రోడ్డు పక్క పనులు, లాండ్‌స్కేపింగ్ పనులు చూస్తాను.

చెప్పబోయేది చిన్న ట్రాక్టర్ల గురించి. ట్రాక్టర్ పవర్ తగ్గితే మనకేం సంబంధం, మెకానిక్ చూసుకుంటాడు కదా అనుకోవచ్చు. కానీ బండి గుంజకపోతే ముందు మాట వచ్చేది ఆపరేటర్ మీదే. "నువ్వే పాడు చేసినవ్" అంటారు. ఆ ఒక్క మాటతో నాకు తెలిసిన ఒక తమ్ముడి మెడకు ఎనిమిది నెలల జీతం అంత అప్పు చుట్టుకోబోయింది. ఆ కథలో నా తప్పు కూడా ఉన్నది. అది కూడా చెప్తాను, దాచుకోను.

ముందు బండి సంగతి. కాంపౌండ్ గార్డెన్లు, రోడ్డు మధ్య చెట్లు, విల్లాల ముందు స్వీట్ సాండ్ పరిచే పని, ఈత మొక్కలకు గుంతలు తీసే పని, వీటన్నిటికీ పాతిక ముప్పై హార్స్‌పవర్ చిన్న ట్రాక్టర్లు వాడతారు. కుబోటా, జాన్ డీర్, న్యూ హాలండ్, ఇంకా కొన్ని. ముందు చిన్న బకెట్ ఉంటుంది. వీటిల్లో చాలావాటికి గేర్లు మార్చే పని ఉండదు. కుడికాలి కింద పెడల్. కొన్నింటిలో ఒకే పెడల్, ముందు తొక్కితే ముందుకు, మడమతో తొక్కితే వెనక్కి. కొన్నింటిలో రెండు పెడళ్లు పక్కపక్కనే. దీన్నే హైడ్రోస్టాటిక్ అంటారు, సైట్‌లో అందరూ హెచ్‌ఎస్‌టీ అనేస్తారు. బాబ్‌కాట్ నడిపేవాళ్లు కూడా వినండి. మీ బండి నడిచేది కూడా ఈ పద్ధతిలోనే, కాకపోతే కుడి చక్రాలకు ఒక పంప్, ఎడమ చక్రాలకు ఒక పంప్.

మనలో చాలామంది ఊళ్లో ట్రాక్టర్ నడిపి వచ్చినవాళ్లమే. కేజ్ వీల్స్ కట్టి పొలంలో దమ్ము చేసినవాళ్లు ఇక్కడ పదిమంది అయినా ఉంటారు. చేతులు ఎత్తండి... పది కాదు, పాతిక మంది ఉన్నారు. సరే. ఆ అలవాటే ఇక్కడ మనకు మొదటి శత్రువు.

ఊళ్లో బండిలో ఇంజిన్ నుంచి చక్రం దాకా అంతా ఇనుమే. క్లచ్చు, గేర్లు, షాఫ్టు, క్రౌన్, పినియన్. ఈ బండిలో మధ్యలో ఆయిల్ ఉంటుంది. ఇంజిన్ ఒక పంప్‌ను తిప్పుతుంది. ఆ పంప్ ఆయిల్‌ను గట్టిగా తోస్తుంది. ఆ ఆయిల్ పోయి ఒక హైడ్రాలిక్ మోటర్‌ను తిప్పుతుంది. మోటర్ చక్రాలను తిప్పుతుంది. పని అయిన ఆయిల్ మళ్లీ పంప్ దగ్గరికే వస్తుంది. పంప్ లోపల వరసగా చిన్న పిస్టన్లు, వాటి ముందు వాలుగా ఒక ప్లేట్ ఉంటుంది. స్వాష్ ప్లేట్ అంటారు. మీరు తొక్కే పెడల్ ఆ ప్లేట్ వాలును మారుస్తుంది. అంతే. పెడల్‌కూ డీజిల్‌కూ సంబంధం లేదు. డీజిల్ సంగతి చేతి లివర్ చూసుకుంటుంది.

పెడల్ కొంచెం తొక్కితే ప్లేట్ కొంచెం వాలుతుంది. ఒక్కో చుట్టుకు పోయే ఆయిల్ తక్కువ, బండి నెమ్మది, కానీ బలం ఎక్కువ. పెడల్ పూర్తిగా తొక్కితే ఆయిల్ ఎక్కువ, వేగం ఎక్కువ, బలం తక్కువ. మన భాషలో చెప్పాలంటే పెడల్ కొంచెం తొక్కితే ఫస్ట్ గేరు, మొత్తం తొక్కితే టాప్ గేరు. ఇప్పుడు చెప్పండి, ఇసుక కుప్పలో బకెట్ గుచ్చినప్పుడు బండి ఆగిపోతే మనం ఏం చేస్తాం? ఇంకా తొక్కుతాం! ఊళ్లో బండి అలవాటు, కాలి కింద ఉన్నది యాక్సిలరేటర్ అనుకుంటాం. నిజానికి అప్పుడు చేస్తున్నది ఎత్తు ఎక్కేటప్పుడు టాప్ గేరు వేయడం. ఇంజిన్ కూలబడుతుంది. లేదంటే ప్రెషర్ రిలీఫ్ వాల్వు తెరుచుకుని కుయ్యిమని ఏడుస్తుంది, ఆయిల్ ఊరికే వేడెక్కుతుంది, బండి కదలదు. చేయాల్సింది దానికి సరిగ్గా ఉల్టా. కాలు కొంచెం వెనక్కి తీయండి. లివర్‌తో ఆర్‌పీఎం పెంచండి. రేంజ్ లివర్ లో లో ఉన్నదో హై లో ఉన్నదో చూడండి. కొత్తవాళ్లు హై రేంజ్‌లో పెట్టి బకెట్ పని చేస్తుంటారు. నా దగ్గరికి వచ్చిన "పవర్ లేదు" కంప్లైంట్లలో చాలావరకు ఈ మూడు మాటలతోనే పోయాయి. పానా ముట్టుకునే పని పడలేదు.

ఇంకొకటి. డీజిల్ ఆదా అవుతుందనో, చప్పుడు తగ్గుతుందనో ఇంజిన్‌ను పన్నెండు వందల ఆర్‌పీఎం మీద పెట్టి పని చేస్తారు. పంప్‌ను తిప్పేది ఇంజినే. అది నెమ్మదిగా తిరిగితే ఆయిలూ నెమ్మదే, ఇంజిన్‌కు ఊపూ ఉండదు. మీటర్ మీద పీటీఓ గుర్తు ఉంటుంది చూడండి. బకెట్ పనికి ఆ దగ్గర్లో పెట్టండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా బండి గుంజకపోతే అప్పుడు వెతకడం మొదలుపెట్టాలి. మా జగిత్యాల వైపు "గుంజుతలేదు" అంటాం, గోదావరి తమ్ముళ్లు "లాగట్లేదండీ" అంటారు, మా మలయాళీ ఫోర్‌మన్ "పవర్ ఇల్లా" అంటాడు. ముగ్గురూ చెప్పేది ఒకటే, కానీ ఆ మాట దగ్గర ఆగిపోతే ఏదీ దొరకదు. నేను అడిగేది ఒకే ప్రశ్న. లోడు పడ్డప్పుడు ఇంజిన్ ఆర్‌పీఎం పడిపోతున్నదా, లేదా?

చదును నేల మీద, లో రేంజ్‌లో, ఫోర్ వీల్ వేసి, ఇంజిన్‌ను పని ఆర్‌పీఎం మీద పెట్టి, బకెట్‌ను ఇసుక కుప్పకు ఆనించి పెడల్ నెమ్మదిగా తొక్కండి. ముందర ఎవరూ నిలబడకూడదు. మీరు చూడాల్సింది కుప్పను కాదు, మీటర్‌ను. వినాల్సింది ఇంజిన్ చప్పుడును. ఇంజిన్ నిలకడగా ఉండి చక్రాలు ఇసుకలో జారి తిరుగుతుంటే బండికి బలం ఉన్నట్టే, పట్టు లేదు. వెనక బరువు వేయాలి, ఫోర్ వీల్ నిజంగా పడిందో లేదో చూడాలి. ముహర్రఖ్ వైపు సముద్రం పూడ్చిన నేల మీద, తేమ ఉన్న సబ్ఖా మీద ఇది రోజూ జరిగేదే. ఇంజిన్ కూలబడితే జబ్బు ఇంజిన్ వైపు, లేదా లోడు మరీ ఎక్కువ, లేదా హ్యాండ్ బ్రేక్ సగం పట్టుకుని ఉన్నది. ఇంజిన్ నిలకడగా ఉండి, చక్రాలు కూడా తిరగకపోతే అప్పుడు ఆయిల్ వైపు. ఈ మూడింట్లో ఏదో తేలకుండా "పంప్ పోయింది" అన్నవాడి మాట నమ్మకండి. పెద్ద మెకానిక్ అయినా సరే.

ఇప్పుడు ఆ కథ చెప్తాను.

కొన్నేళ్ల కింద, జూన్ నెల. షమాల్ గాలి రోజుల తరబడి కొట్టింది. కళ్లు తెరవలేం, అన్నంలో ఇసుక. మాకు నాలుగు చిన్న ట్రాక్టర్లు ఉండేవి. డీజిల్ ట్యాంకు మూత చుట్టూ ఇసుక పేరుకుని, మూత తీయగానే లోపల పడుతుండేది. ఫిల్టర్లు త్వరగా నిండుతున్నాయి. నేను పొద్దున టూల్‌బాక్స్ మీటింగ్‌లో నలుగురు ఆపరేటర్లకూ చెప్పాను, మూతకు పాలిథిన్ చుట్టి గట్టిగా కట్టండి అని. ముగ్గురు ఏదో గుడ్డ కప్పి వదిలేశారు. నా మాట అక్షరాలా విన్నవాడు ఒక్కడే. కోరుట్ల దగ్గరి తమ్ముడు. మందం పాలిథిన్ తెచ్చి, డ్రిప్ పైపు ముక్కతో బిగించి కట్టాడు.

వారం లోపల అతని బండి నీరసించింది. పొద్దున మొదలుపెట్టినప్పుడు బాగానే ఉంటుంది. అరగంట అయ్యేసరికి గుంజదు. బకెట్ ఇసుకలో పెడితే అక్కడే ఆగుతుంది. కాసేపు ఆపి టీ తాగి వస్తే మళ్లీ బాగుంటుంది. మళ్లీ అరగంటకు అదే.

ఆ లక్షణం వినగానే మిషన్లు తెలిసినవాళ్లకు ఒకటే తడుతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కితే నీరసించడం, హెచ్‌ఎస్‌టీ అరిగిపోయిన గుర్తు. ఆ ఆలోచన తప్పు కాదు. ఆయిల్ వేడెక్కితే పల్చబడుతుంది. పంప్‌లో, మోటర్‌లో అరుగుదల ఉంటే పల్చటి ఆయిల్ సందుల్లోంచి లోపలే జారిపోతుంది, చక్రం దాకా బలం రాదు. వర్క్‌షాప్ నుంచి వచ్చినాయన ఆయిల్ డబ్బా మీద చెయ్యి పెట్టి చూశాడు, కాలింది. జూన్‌లో ఏ బండి మీద చెయ్యి పెట్టినా కాలుతుంది! గేజ్ పెట్టలేదు, మీటర్ చూడలేదు. రిపోర్టు రాసిచ్చాడు: పంప్ వీక్, ఆపరేటర్ మిస్‌యూజ్. తమ్ముడు పెడల్ మొత్తం తొక్కుతాడని పక్కవాళ్లు కూడా చెప్పారు. అది నిజమే, అందరూ తొక్కుతారు.

పంప్ మార్చే ఖర్చు లెక్క వచ్చింది. నెలనెలా జీతంలోంచి కోసుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు ఒక కాగితం తయారైంది. ఆ రాత్రి తమ్ముడు నా రూమ్‌కు వచ్చాడు.

"అన్నా, గట్టిగ తొక్కిన మాట నిజమే. కానీ పంపు పోయేటంత తొక్కలే."

"సంతకం పెట్టినవా?"

"పెట్టలే. రేపు పెట్టమన్నరు. వీసాకు తెచ్చిన అప్పే ఇంక తీరలేదన్నా."

నిజం చెప్తున్నాను, అప్పటికి నేను కూడా పంపే పోయిందనుకున్నాను. రిపోర్టులో ఉన్నది కదా. ఏదో ఒకటి అని పంపించాలని, పొద్దున ఒకసారి నేను చూస్తాలే అన్నాను.

తెల్లవారుజామున నాలుగున్నరకు, షిఫ్టు మొదలుకాకముందే వెళ్లాం. బండి చల్లగా ఉన్నది. కుప్పకు ఆనిస్తే ఎలుగుబంటిలా తోసింది. పని చేయిస్తూ ఉండమన్నాను. పాతిక నిమిషాలకు నీరసం మొదలైంది. అప్పుడు మీటర్ చూశాను. రెండువేల అయిదు వందల మీద ఉండాల్సిన ముల్లు పదిహేడు వందలకు దిగింది. పొగ లేదు. అక్కడే నాకు అనుమానం వచ్చింది. పంప్ అరిగి ఆయిల్ లోపల జారిపోతుంటే ఇంజిన్ మీద బరువు తగ్గాలి కదా, ఇంజిన్ హాయిగా తిరగాలి. ఇది కూలబడుతున్నది. పెడల్ మీద కాలు మొత్తం తీసెయ్యమన్నాను. బండి నిలబడింది, చక్రాల మీద ఏ లోడూ లేదు. లివర్ పూర్తిగా లాగాం. అయినా ఇంజిన్ పైకి పోలేదు, ఊగుతున్నది, దగ్గుతున్నది. హెచ్‌ఎస్‌టీ మీద పనే లేనప్పుడు కూడా ఇంజిన్ లేవట్లేదంటే హెచ్‌ఎస్‌టీ ఏం చేస్తది పాపం?

పొగ లేకుండా నీరసం అంటే డీజిల్ అందడం లేదని. నల్ల పొగ వస్తే గాలి అందడం లేదని, లేదా లోడు ఎక్కువని. ఫిల్టర్ కింద గాజు బుడ్డిలో నీళ్లు లేవు. ఫిల్టర్ మార్చి పది రోజులు కాలేదు. పైపు ఎక్కడా నొక్కుకోలేదు. ట్యాంకు దగ్గరికి వచ్చాను. పాలిథిన్ మూత మీద లోపలికి పీల్చుకుని, చర్మంలా అంటుకుని ఉన్నది. డ్రిప్ పైపు విప్పి మూత తిప్పాను. బుస్సుమని గాలి లోపలికి పోయింది. రెండు నిమిషాల్లో ఇంజిన్ మామూలుగా తిరిగింది. తర్వాత గంటసేపు ఆపకుండా పని చేయించాం. ఆయిల్ బాగా కాగింది. బండి మాత్రం తగ్గలేదు.

సంగతి ఏమిటంటే ఆ మూతలో సన్నటి గాలి రంధ్రం ఉంటుంది. ట్యాంకులో డీజిల్ తగ్గుతుంటే దాని జాగాలోకి గాలి పోవాలి. పాలిథిన్ ఆ దారి మూసేసింది. లోపల వ్యాక్యూమ్ వచ్చి డీజిల్ ముందుకు కదలడం మానేసింది. ఆపి టీ తాగి వచ్చేసరికి ఏదో సందులోంచి కొంచెం గాలి చేరి మళ్లీ నడిచేది. తమ్ముడు తర్వాత ఒక మాట చెప్పాడు, ట్యాంకు నిండుగా కొట్టిన రోజు త్వరగా నీరసించేదట, సగం ఉన్న రోజు కొంచెం ఆలస్యమయ్యేదట. లోపల గాలి జాగా తక్కువ ఉంటే వ్యాక్యూమ్ త్వరగా పడుతుంది కదా. ఆ ముక్క ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆపరేటర్‌కు తెలిసినంత బండి సంగతి మెకానిక్‌కు తెలియదు. అడగాలి.

ఆ పాలిథిన్ నా చేతిలో ఉన్నది. అక్కడ మేమిద్దరమే. దాన్ని చెత్తలో పడేసి "ఫిల్టర్ మార్చాను, బాగైంది" అంటే అయిపోయేది. నాకు ఆ ఆలోచన వచ్చింది. ఒక నిమిషం కాదు, ఆఫీసు కంటైనర్ దాకా నడిచినంతసేపు ఉన్నది. కానీ అట్లా అంటే రిపోర్టులో "ఆపరేటర్ మిస్‌యూజ్" అన్న మాట అట్లాగే ఉండిపోతుంది. ఆరు నెలలకు నిజంగానే ఏదైనా పోతే మళ్లీ అదే కాగితం బయటికి వస్తుంది. ఇంజనీర్ టేబుల్ మీద పాలిథిన్ పెట్టి, కట్టమన్నది నేనే అని చెప్పాను. ఆయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పను, ఆడవాళ్లు పిల్లలు ఉన్నారు. తర్వాత వేరే మెకానిక్‌ను పిలిపించి వేడి మీదనే గేజ్ పెట్టించారు. ప్రెషర్ మాన్యువల్‌లో ఉన్నంత ఉన్నది. కోత కాగితం చింపేశారు. నాకు ఒక వార్నింగ్ లెటర్ వచ్చింది, ఇప్పటికీ నా ఫైల్లో ఉన్నది.

ఇక నిజంగానే ఆయిల్ వైపు జబ్బు అయితే ఏం చూడాలో చెప్తాను. ఖర్చు లేనివి ముందు. చదును నేల మీద, బకెట్ కింద పెట్టి, ఇంజిన్ ఆపి ఆయిల్ లెవెల్ చూడండి. చాలా చిన్న ట్రాక్టర్లలో గేర్‌బాక్స్‌కూ, హెచ్‌ఎస్‌టీకీ, బకెట్‌కూ ఒకటే ఆయిల్. అది తక్కువైతే అన్నీ నీరసిస్తాయి. నురగ ఉంటే పీల్చే వైపు ఎక్కడో గాలి దూరుతున్నది. పాల రంగులోకి వస్తే నీళ్లు కలిశాయి. ఇక్కడి గాలిలో తేమ ఎంత ఉంటుందో మీకు తెలుసు, పైగా ప్రెషర్ వాషర్‌తో బ్రీదర్ మీదనే కొడతారు. ఆయిల్ కూడా మాన్యువల్‌లో రాసిందే పోయాలి. డ్రమ్ములో ఏది ఉంటే అది పోస్తే తర్వాత ఏడవాలి. హెచ్‌ఎస్‌టీ ఫిల్టర్ మార్చిన తేదీ ఎవరికీ తెలియకపోతే ముందు అది మార్చండి. ఫిల్టర్ పూడుకుపోతే చార్జ్ పంప్‌కు ఆయిల్ అందదు. పెద్ద పంప్‌లో జారిపోయిన ఆయిల్ జాగాలో కొత్త ఆయిల్ నింపేది ఆ చిన్న పంపే. అది ఆకలితో ఉంటే పెద్దది కూడా పస్తే.

పెడల్ నుంచి పంప్ దాకా ఉండే రాడ్డు చూడండి. బోల్టు వదులైనా, పెడల్ కింద రాయో మట్టి గడ్డో ఇరుక్కున్నా ప్లేట్ పూర్తిగా వాలదు, బండి వేగం అందుకోదు. కొన్ని బండ్లకు తోసుకుపోవడానికి బైపాస్ వాల్వు ఉంటుంది. బండిని లాగి తెచ్చినప్పుడు తెరిచి, మళ్లీ మూయడం మర్చిపోతే ఎంత తొక్కినా కదలదు. బాబ్‌కాట్‌లో అయితే రెండు పక్కలూ పోల్చి చూడండి. ఒక పక్కే నీరసం అంటే ఆ పక్క పంపో మోటరో. రెండు పక్కలా ఒకేలా అంటే ఇంజిన్, ఆయిల్, ఫిల్టర్, చార్జ్ ప్రెషర్ వంటి ఉమ్మడివి. రేడియేటర్ జాలీ, ఆయిల్ కూలర్ రెక్కలు రోజూ లోపలి నుంచి బయటికి గాలి కొట్టాలి. మన దగ్గర గడ్డి ముక్కలూ ఇసుకా కలిసి పిడక లాగా అతుక్కుంటాయి. ఇవన్నీ అయ్యాక గేజ్. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, కాగిన తర్వాత ఒకసారి. రెండు అంకెలూ కాగితం మీద రాయించాలి. పంప్ విప్పే మాట దాని తర్వాతే.

ఎయిర్ ఫిల్టర్ గురించి ఒక్క మాట. దాన్ని టైరుకు కొట్టి దులపకండి. లోపలి చిన్న ఫిల్టర్‌ను అసలు కడగొద్దు, మార్చాలి. ఇక్కడి దుమ్ము పిండి లాంటిది, చిన్న చిరుగు ఉన్నా ఇంజిన్‌ను తినేస్తది.

ఇప్పుడు బండి కంటే ముఖ్యమైనది. ఆయిల్ లీకును చేత్తో వెతకొద్దు. ప్రెషర్‌లో ఉన్న హోస్‌కు సూది మొన అంత రంధ్రం పడితే ఆ ఆయిల్ గ్లవ్స్‌ను, చర్మాన్ని దాటి లోపలికి పోతుంది. పైకి ముల్లు గుచ్చినట్టు చిన్న చుక్క. నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. మనవాళ్లు పసుపు పెట్టి, ఎవరికీ చెప్పకుండా పని చేసుకుంటారు, చెప్తే రోజు జీతం పోతుందని. గంటలు గడిచేకొద్దీ లోపల కండ చచ్చిపోతుంది, వేలు పోవచ్చు, చెయ్యి పోవచ్చు. వెంటనే ఆపరేషన్ కావాలి. 999కు ఫోన్ చేయండి, లేదా బండి మాట్లాడుకుని సల్మానియా ఎమర్జెన్సీకి పోండి. అక్కడ "హైడ్రాలిక్ ఆయిల్ ఇంజెక్షన్" అనే మూడు మాటలు చెప్పండి. ముల్లు గుచ్చింది అని చెప్పకండి. లీకు వెతకడానికి అట్టముక్క చాలు.

లేపిన బకెట్ కింద దూరకండి, లాక్ పెట్టనిదే. ఇంకొకటి, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఎండలో పని చేయించకూడదన్న రూలు ఉన్నది కదా. ముందు జూలై, ఆగస్టు నెలలకే ఉండేది, 2025 నుంచి జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 దాకా పెంచారు. కొందరు ఫోర్‌మన్లు "ఇది పని కాదు, రిపేరే కదా" అని ఆ టైములోనే ఎండలో బండి కింద పడుకోబెడతారు. నెత్తి మీద నీడ లేకుండా పానా పట్టుకుంటే అది కూడా పనే.

కాగితాల మాట. 2012లో వచ్చిన 36వ నంబరు కార్మిక చట్టం ఉన్నది. కార్మికుడి మీద శిక్ష వేసేముందు అతని మీద ఉన్న మాట ఏమిటో చెప్పాలి, అతను చెప్పేది విని రాసుకోవాలి. కాబట్టి మీకు చదవరాని కాగితం మీద సంతకం పెట్టకండి. అరబ్బీలో ఉన్నా, ఇంగ్లీషులో ఉన్నా. ఒక రాత్రి టైము అడగండి. కోరుట్ల తమ్ముడిని కాపాడింది నా తెలివి కాదు, అతను ఆ రోజు సంతకం పెట్టకుండా రూమ్‌కు రావడం. బండి ఎక్కేముందు చెక్‌లిస్టు ఇస్తే ఊరికే టిక్కులు కొట్టకండి. ఆర్‌పీఎం ఎంత, ఎన్ని నిమిషాలకు నీరసించింది, పొగ ఏ రంగు, ట్యాంకు ఎంత నిండింది, మీకు వచ్చిన భాషలో రాయండి. తెలుగులో రాసినా ఫర్వాలేదు, ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. దాంట్లో తేదీ, టైము ఉంటాయి.

చివర్లో ఒక తమ్ముడు లేచి అడిగాడు: "అన్నా, మరి షమాల్ కొట్టినప్పుడు మూతకు ఏం కట్టాలె?" ఏమీ కట్టొద్దు. మూత తీసేముందు తడిగుడ్డతో చుట్టూ తుడవండి, గాలి ఎక్కువగా ఉంటే గోడ చాటుకు తీసుకుపోయి డీజిల్ పోయండి, జాలీ ఉన్న గరాటు వాడండి. మూతలోని గాలి రంధ్రం పూడుకుందని అనుమానం ఉంటే బండి నీరసించినప్పుడు ఇంజిన్ ఆపి మూత తిప్పి చూడండి. బుస్సుమంటే మూత మార్చండి. కొత్త మూత కొన్ని దీనార్లే.